మూడు చోట్ల ఒకే కాల్

హనుమకొండలో ఒక పోస్టాఫీసు బల్ల మీద, హైదరాబాదు ట్రంక్ కాల్ కోసం పీహెచ్‌డీ చేస్తున్న ఒకామె, ఆమె కాకా మధ్యాహ్నం నుంచి ఎదురుచూస్తున్నారు.

"టెలిఫోన్ లైన్ల రద్దీ మీదనే చదువుతున్నవ్ గద బిడ్డా, మన కాల్ ఎప్పుడొస్తదో ఎరుక లేదా?"

"నా లెక్క ప్రకారం ఎప్పుడో రావాలె కాకా! ఆ లెక్క కలుస్తలేదనే థీసిస్ ఆగింది. హైదరాబాదుల మా గైడు సార్ ఐదింటికి ఇంటికి పోతడు. ఆయన గడువు పెంచకపోతే ఈ ఏడు పట్టా రాదు."

"ఫికర్ చెయ్యకు. ఎదురుంగ చాంద్ పాషా దుకాణంల, బస్టాండ్ల గూడ ఇదే కాల్ బుక్ చేసిన. ఏది ముందొస్తే అది."

"అయ్యో కాకా! అందరు గిట్లనే చేస్తాండ్రా? నేను మనిషికి ఒక్క కాలే లెక్కవెట్టిన. క్యూ గింత పొడుగు అందుకే!"

"తప్పాయె బిడ్డా. ఆ రెండు క్యాన్సిల్ చేసొస్త."

ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"వద్దు. నువ్వు పాషా దుకాణంల కూసో. కాల్ ఆడ ముందొస్తే నన్ను కేకెయ్యి."