దుమ్ము కాని మెరుపు

నా రాతలో గుణింతాలు తప్పుతాయి. మేష్టారి పదవీ విరమణ సభకని రాసిన ఈ రెండు కాగితాలకు తొమ్మిది రోజులు పట్టింది. పెద్దలు మన్నించాలి.

మేమంతా బొమ్మ మేష్టారని పిలుచుకునే మా విభాగాధిపతి 1991 జూన్ పదవ తేదీన, పాత సినిమా రీళ్ళను ఇళ్ళలో చూసుకునే క్యాసెట్లుగా మార్చే ఈ సంస్థలో సహాయకులుగా చేరారు. బొమ్మ వణికినచోటు, మాట నలిగినచోటు గుర్తించి రాయడమే మొదటి ఆరేళ్ళూ ఆయన పని. డిస్కులు వచ్చాక రంగులు సరిదిద్దే బల్లకు మారి, మరి పదేళ్ళకు విభాగానికే పెద్ద దిక్కయ్యారు. వెలిసిపోయిన ముఖాలకు కళ తెచ్చారు గాని, ఎవరికీ లేని రంగు పూయలేదు. "పాత సినిమా పాతగానే ఉండాలి. మాసిపోయి ఉండకూడదు, అంతే" అనేవారు.

భర్త పోయాక నేను రీళ్ళు తుడిచే పనికి చేరాను. డబ్బాల మీద పేర్లు చదవలేక రంగు దారాలు కట్టుకుంటుంటే ఆయన చూశారు, నవ్వలేదు. రోజూ భోజనాల వేళ ఒక డబ్బా ముందు పెట్టి అక్షరాలు పలికించారు. యాభై మూడో ఏట నేను మొదట చదివిన మాట "రెండవ రీలు".

ఆ మరుసటి ఏడు ఒక పాత గూఢచారి సినిమా మా చేతికొచ్చింది. అందులో గూఢచారి హోటలు గదిలో కాఫీ కప్పు పెదవి దాకా తెస్తాడు. ఎదురు మేడ కిటికీలోంచి అతని జట్టులోని ఒకామె చిన్న అద్దం మెరిపిస్తుంది. కాఫీలో విషముందని అది సంకేతం. అతను కప్పు దించేస్తాడు.

దుమ్ము చుక్కలు చెరిపే యంత్రం అప్పుడే కొత్తగా వచ్చింది. అది చూపించిన ప్రతి చుక్కకూ మేష్టారు సరేనంటేనే చెరిగేది. వేల చుక్కల మధ్య ఆ మెరుపుకూ ఆయన సరేననేశారు. బొమ్మ కడిగిన ముత్యంలా వచ్చింది. ఆయన సంతకం చేశారు, డిస్కులు తయారై పెట్టెలకెక్కాయి. మర్నాడు మేమంతా కూర్చుని ఒకటి చూశాం.

"కాఫీ ఎందుకు తాగలేదు మేష్టారూ?" అన్నాను.

"అద్దం మెరిసిందిగా అక్కా."

"ఎక్కడ మెరిసింది? రీల్లో ఉంది. నేను తుడిచినా పోలేదు. ఇందులో లేదు."

ఆయన వెనక్కి తిప్పి మూడుసార్లు చూశారు. ఆ నెలలో విభాగంలో ఇద్దరిని తీసేస్తారని అందరికీ తెలుసు. ఆయన కూతురి చదువు ఇంకా సగంలో ఉంది.

"ఎవరు పట్టుకుంటారు మేష్టారూ? కాఫీ చల్లారిపోయిందనుకుంటారు" అన్నాడు శబ్దం చూసే తమ్ముడు.

"అప్పుడు సినిమా తీసినవాళ్ళు వెర్రివాళ్ళవుతారు. వాళ్ళకెందుకయ్యా నా తప్పు?" అని లేచి యజమాని గదికి నడిచారు. సాక్ష్యానికి నన్నూ రమ్మన్నారు.

"యంత్రం పొరపాటేనా?" అని యజమాని తప్పించుకునే దారి చూపించారు.

"యంత్రం అడిగిందండీ. సరేనన్నది నేను."

యజమాని పెట్టెలు ఆపమని జాబితా మీద రాశారు. "సరిచెయ్యడానికి ఎన్నాళ్ళు?"

"మెరుపొక్కటే అయితే ఒక పూట. ఇంకేం చెరిపానో చూడాలంటే మూడు వారాలు. రీళ్ళక్కని పక్కన కూర్చోబెట్టుకుంటాను. దుమ్మేదో ఆవిడకి తెలిసినంత నాకు తెలీదు."

ఆ మూడు వారాలూ చుక్క చుక్కకూ "దుమ్మేనా అక్కా?" అని అడిగారు. నాలుగు వానచినుకులు, ఒక కోటు గుండీ మెరుపు తిరిగి దొరికాయి. ఆయన ఉద్యోగం నిలిచింది గాని, ఆ ఏడు రావలసిన విభాగాధిపతి హోదా నాలుగేళ్ళు వెనక్కి పోయింది. ఆయన ఆ ఊసెత్తలేదు. ఒక్కటి మాత్రం పట్టుబట్టి సాధించారు. నాటి నుంచి నేటి దాకా రెండు సంతకాలు లేనిదే మా విభాగం నుంచి డిస్కు బయటికి పోదు. రెండో సంతకం నాది.

"ఇన్నేళ్ళలో ఒక్క సినిమా కథా సరిగ్గా చెప్పలేదమ్మా, ఎక్కడెక్కడ గీతలున్నాయో చెప్పారు గాని" అని వారి శ్రీమతి మొన్న నాతో అన్నారు. ఇకనైనా ఆమె పక్కన కూర్చుని, చుక్కలు వెతక్కుండా కథ చూసే తీరిక ఆయనకు దొరకాలని, ఆ కళ్ళకు చూపు, ఒంటికి సత్తువ నిండుగా ఉండి, ఆ దంపతులు నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

రీళ్ళక్క, అరవై ఆరేళ్ళు,
ల్యాబు వెనక వీధి, రెండో అంతస్తు గది