కంచుమర్తోళ్ళ మామ్మ పేరు

కంచుమర్తి సుబ్బరామయ్య వాళ్ళమ్మ పోయిందంట. తుంగభద్ర కాలవ కింద మనోళ్ళు పోయి కట్టుకున్న ఊళ్ళు లేవూ, క్యాంపులంటారు, అందులో ఒక క్యాంపు ఆయనది. వాళ్ళ తాత కోటయ్య కృష్ణ ఒడ్డునించి వలసొచ్చి, ఆ ఊరూ ఈ ఊరూ కూలి చేసుకుంటా తిరిగి, కాలవ తవ్వినాక అక్కడ నల్లరేగడి పట్టాడంట. తుమ్మచెట్లు కొట్టి, పాములు కొట్టి, వరి పండించాడనుకో. ఆ ఒక్క కడుపునించి ఎంత సంసారమైందంటే, పెళ్ళికి పోవాలంటే బస్సు చాలదు, ట్రాక్టరు కూడా కట్టాల్సిందే. సరే, ఏమైందంటే, వాళ్ళమ్మ పన్నెండో రోజున చుట్టాలూ వియ్యాలవారూ అందరూ కూచునుండగా పంతులుగారు పిండాలు పెట్టిస్తా, అమ్మ పేరు చెప్పవయ్యా అన్నాడంట, చెప్పాడు. మీ తాత తల్లి పేరో అంటే, పూర్ణమ్మండీ, మా తాత తల్చుకునేవాడు అన్నాడు. మరి మధ్యలో మీ నాయనమ్మ పేరు? అన్నాడు పంతులు. తమ్ముడి వంక చూశాడంట, తమ్ముడు చెల్లెలి వంక చూశాడంట. అంతమందిలో ఒక్కడికి తెలిస్తే ఒట్టు! అందరికీ ఆవిడ మామ్మే. చేత్తో ముద్దలు పెట్టింది, ఒళ్ళో పడుకోబెట్టుకుంది, పేరు మాత్రం ఎవరికీ తెలవదు. పోనీలే నాయనా, తెలవకపోతే గంగ అనుకుందాం అన్నాడు పంతులు. వియ్యంకుడు మీసం చాటున నవ్వాడంట. సుబ్బరామయ్యకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలవలా.

ఆ మామ్మ కూతురు వెంకాయమ్మ ఇంకా బతికే ఉంది, సుబ్బరామయ్యకి మేనత్త. చెవులు దూరం. ఆమె దగ్గరికి పోయి, అత్తా, మీ అమ్మ పేరేందే అని అరిచాడంట. అమ్మని అమ్మ అంటార్రా, పేరు పెట్టి పిలుస్తారా, పో అవతలకి అందంట. ఇట్టా కాదని, సంవత్సరీకం లోపల పేరు పట్టుకోవాల్సిందేనని బస్సెక్కి, తాత పుట్టిన పెదలంక పోయాడు. అక్కడ ఊళ్ళో వాళ్ళ ఇంటిపేరోళ్ళ అరుగెక్కి, నేను కోటయ్య మనవణ్ణండీ అన్నాడంట. అప్పటిదాకా కుర్చీ వెయ్యబోయిన పెద్దమనిషి ఆ కుర్చీ మీద తనే కూచుని, ఆ కోటయ్య సంగతి మా దగ్గర కాదు, పేటలో అడుక్కో అన్నాడంట. చూశారా, అప్పుడన్నా అర్థం కావద్దూ! కాలా. ఊరు దాటి, చెరుకుతోట దాటి, పేటకి పోయాడు.

అక్కడ చర్చి పక్కింట్లో మార్తమ్మని ఒకామె, అరవై ఉంటాయి, చేపలు తోముతా ఉందంట. ఈయన చెప్పబోయేలోపలే తలెత్తి చూసి, నువ్వు సుబ్బరామయ్యవి కదూ అంది. నీకెట్టా తెలుసమ్మా అంటే, తెలవకేం, ఆ మొహం ఎట్టా మర్చిపోతా, మీ మామ్మ మా మేనత్తేగా, దీనమ్మ, అంది. అంతే. ఒక్క ముక్కలో చెప్పేసింది. దీనమ్మ అన్న పేరు వింటే ఏ పేట మనిషో ఎవడికైనా తెలుస్తదిగా. అందుకే ఆవిడ ఆ పేరు బతికినన్నాళ్ళూ కొంగున కట్టి దాచుకుందనుకో. కోటయ్య ఆమెని చేసుకుని రాత్రికి రాత్రి ఊరొదిలాడంట, లేకపోతే ఇద్దరినీ నరికేవాళ్ళే. సుబ్బరామయ్య అక్కడే నేల మీద కూచున్నాడంట. అయినా, నన్నెప్పుడు చూశావమ్మా అని అడిగాడు. అడక్కుండా ఉంటే పోయేది.

మార్తమ్మ ఏం చెప్పిందంటే, ఉప్పెనొచ్చి ఇళ్ళు పోయినప్పుడు మా నాన్న దాసు కోతల ముఠాతో మీ క్యాంపుకొచ్చాడు. తన అక్క అక్కడుందని తెలిసే వచ్చాడు. నేను చిన్నపిల్లని, దాహమేసి మీ వాకిట్లో బానలో చెంబు ముంచాను. నువ్వప్పుడు కుర్రాడివి, కొత్త మీసం. వచ్చి బాన కాలితో తన్నావు. మా నీళ్ళు మైల చేస్తావటే, అని నా చెంప మీద కొట్టావు. మా నాన్న పరిగెత్తుకొచ్చి నీకు చేతులు జోడించాడు, బాబూ తప్పయిపోయింది అని. తన అక్క మనవడివి నువ్వు! మా అత్త గడపలో నిలబడి చూస్తా ఉంది, అంది. మరి మా మామ్మ ఏమీ అనలేదా అన్నాడంట ఈయన. ఏమంటది? అంటే మీ బతుకేమవుద్ది? అన్నాలప్పుడు పచ్చడి వెయ్యటానికొచ్చి మా నాన్న ఆకు ముందు వంగి, దాసూ, అమ్మ ఎట్టా పోయిందిరా అని అడిగింది. నిన్ను తల్చుకుంటా పోయిందక్కా అన్నాడు మా నాన్న, తలెత్తకుండా. ఇంకో ఆకు దగ్గరికి పోయింది. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంది అదే, అంది. సుబ్బరామయ్య ఆమె కాళ్ళ మీద పడబోతే, వొద్దయ్యా, నా చేతులు చేపల కంపు, లేవదియ్యలేను అందంట. పేరు పంతులుకి చెప్తానమ్మా అన్నాడు. చెప్తే చెప్పు, లేకపోతే లేదు, మాకు ఆమె పేరు తెలుసు, అందంట.

సంవత్సరీకం వచ్చింది. పంతులు అడిగాడు, నాయనమ్మ పేరు దొరికిందా అని. సుబ్బరామయ్య నోరు తెరిచాడు. ఎదురుగా వియ్యంకుడు, పెళ్ళికెదిగిన మనవరాళ్ళు, తమ్ముడు. గంగేనండీ అన్నాడంట. అన్నాడయ్యా! అంత దూరం పోయి, అంతా విని, గంగ అన్నాడు. పిండం పెట్టాడు, నీళ్ళొదిలాడు. తర్వాత బంతిలో కూచున్నాడు. కోడలు పచ్చడి వెయ్యటానికి వంగిందంట. అంతే, ఈయనకి ముద్ద దిగలా. ఆకు ముందునించి లేచాడు, ఎంగిలి చెయ్యి అట్టాగే పెట్టుకుని, నేను అబద్ధం చెప్పాను, మన మామ్మ పేరు దీనమ్మ, ఆమె తమ్ముడు ఈ వాకిట్లో నాకు చేతులు జోడించేట్టు చేశాను, ఆయన బిడ్డని కొట్టాను, అన్నాడంట చిన్నపిల్లోడిలా ఏడుస్తా. వియ్యంకుడు ఆకు మడిచి లేచాడు. తమ్ముడు, నా పిల్లల పెళ్ళిళ్ళు నువ్వు చేస్తావా అని మీదకొచ్చాడు. అప్పుడు ఆ చెవిటి వెంకాయమ్మ అరుగు మీదనించి, ఏందిరా గోల, మా అమ్మ పేరా అందంట. దీనమ్మేరా. తలుపేసుకున్నాక మా నాన్న అట్టాగే పిలిచేవాడు. నాకు తెలవక చెప్పలేదనుకున్నారా, మీ మొహాలకి చెప్పటం ఇష్టం లేక చెప్పలా, అంది.

ఆ తర్వాత ఏం బాగుపడిందంటే, ఏమీ లేదు. వియ్యంకుడు మళ్ళీ రాలా, తమ్ముడు గోడ పెట్టుకున్నాడు. సుబ్బరామయ్య ఒకటి రెండుసార్లు పెదలంక పోయాడంట, మార్తమ్మ మంచినీళ్ళిచ్చింది గానీ వరస పెట్టి ఒక్కసారీ పిలవలా. ఎందుకు పిలవాలి! మీరేందయ్యా, ఆయన సంగతి విని తలలూపుతున్నారు? సరే, వరసగా చెప్పండి, మీ నాయనమ్మల పేర్లేంది? ఏం, చుట్ట ఆరిపోయిందా నీకు? అగ్గిపెట్టె తర్వాత వెతుక్కో, ముందు పేరు చెప్పు.