రెండో షట్టరు, రెండు షట్టర్లు: శ్రీ నేలపూడి ఆశీర్వాదం గారి సేవాజీవితం

శ్రీ నేలపూడి ఆశీర్వాదం గారు 1986 జూన్ 16, సోమవారం నాడు మా నీటిపారుదల సబ్ డివిజన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా విధులలో చేరారు. ఈ తేదీని నేను జ్ఞాపకం నుండి కాక, పాతికేళ్లు నా అధీనంలో ఉన్న సర్వీసు రిజిస్టరు నుండి ఇస్తున్నాను. ఎందుకంటే ఈ పదవీ విరమణ సంచికకు వ్యాసం కోరుతూ సన్మాన సంఘ కార్యదర్శి శివరామకృష్ణ గారు నాకు పంపిన నమూనాలో చేరిన తేదీ తప్పు, వారు ‘దైవభీతి గల’ ఉద్యోగి అన్న మాట తప్పు, వారిది ‘మచ్చలేని సేవ’ అన్న మాట మరింత తప్పు. మొదటిదానిని సవరించాను. మిగిలిన రెండింటినీ సవరించడానికే ఈ వ్యాసం.

రామచంద్రపురం చేరువలోని ఒక పల్లెలో, పగలు కూలికి వెళ్లి ఆదివారం చర్చి గంట మోగించే తండ్రికి మూడవ సంతానంగా జన్మించిన ఆశీర్వాదం గారు, తొలి తొమ్మిదేళ్లు శివారు కాలువల మీద, ఆ తరువాత నీటిని ఆపి వదిలే మూడు షట్టర్ల లాకు ఉన్న పెద్ద కాలువ మీద పనిచేశారు. ఉదయం ఆరు గంటలకు నీటిమట్టం చూపే గేజి చదవడం నియమమైతే, ఆరుకు అయిదు నిమిషాల ముందే గేజి రాయి దగ్గర నిలబడి ఉండడం వారి అలవాటు. 1996 నవంబరు తుపానులో మూడు రోజులు వారు గట్టు దిగలేదు. ఇవన్నీ రికార్డులో ఉన్నాయి. రికార్డులో లేనిది వారికి తమ దేవునితో ఉన్న సంబంధం. అది తెలియనివారికి ఈ రికార్డు అర్థం కాదు.

నేను ఆ మతానికి చెందినదానను కాను, ఏ మతం ఉపన్యాసాన్నీ ఓపికగా విన్నదానను కాను. అయితే చూసినదానిని చూసినట్లు చెప్పగలను. ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) గారి తనిఖీ ఉందని గట్టు పొడవునా సున్నం కొట్టిస్తున్న ఒక ఉదయం, ఆఫీసులో ఎవరో, “ఏంటండీ, మీ దేవుడు కూడా ఇలాగే తనిఖీకి వస్తాడా?” అని నవ్వారు. ఆశీర్వాదం గారు తమ సైకిలు స్టాండు వేస్తూ, “ఆయన ఎస్ఈ గారు కాదండి, వస్తున్నాడని తెలిసి సున్నం కొట్టించడానికి. రోజూ నాతోపాటే గేజి దగ్గరకొస్తాడు. కొత్తగా చూపించేదేం ఉంటుంది?” అన్నారు.

నీరందని శివారు రైతులు ఒక వేసవిలో వచ్చి, “మీరు ప్రార్థన చేస్తే జరుగుద్దంట కదండీ, మా నీళ్ల కోసం కాస్త చేద్దురూ,” అన్నప్పుడు కూడా వారి సమాధానం ఇదే తీరులో ఉంది. “తప్పకుండా చేస్తానండి. ముందు గుర్రపుడెక్క తీయిద్దాం పదండి. అది ఆయన అడ్డం పెట్టింది కాదు, మనం వదిలేసింది.” సాయంత్రానికి నీరు పారింది. ప్రార్థన కూడా చేశారని విన్నాను. ఏ వరుసలో చేశారో నాకు తెలియదు.

ఇక నమూనాలో లేని విషయం. 2009 జనవరి, దాళ్వా (రబీ వరి) నాట్లు వేసి పది రోజులైనా కాలేదు. ఒక రాత్రి వంతు ప్రకారం శివారుకు నీరు వదలవలసి ఉండగా, ఆశీర్వాదం గారు లాకు దగ్గర షట్టర్లు ఎత్తి దించే లస్కరు గంగరాజుకు ఫోను చేసి రెండో షట్టరు ఎత్తమని ఆదేశించి, ఆ ఆదేశాన్ని వెంటనే ఆదేశాల రిజిస్టరులో నమోదు చేశారు. మొదటిది అప్పటికే ఎత్తి ఉంది; గంగరాజు ఎత్తినది మిగిలిన రెండు షట్టర్లు. తెల్లవారేసరికి కాలువకు గండి పడి, నలభై ఎకరాల పల్లపు చేలలో లేతనాట్లు మునిగిపోయాయి.

గంగరాజు ఏటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం నుండి వచ్చినవాడు; దినవేతన లస్కరు; ఒక్క సంతకంతో తీసివేయదగిన మనిషి. “సారు రెండూ ఎత్తమన్నారండి” అన్నది అతని వాదన. “రెండో షట్టరు” అన్నది రిజిస్టరు. విచారణకు ముందే కార్యాలయం తీర్పు చెప్పేసింది. గంగరాజు భార్య వీరవేణి నా బల్ల ముందు నిలబడి, “ఈయనకి చెవుడేం లేదమ్మా, చేప తోక కొడితే చీకట్లో ఎక్కడుందో చెబుతాడు,” అన్నప్పుడు నేను కూడా రిజిస్టరునే నమ్మాను. ఆ నమ్మకానికి ఈనాడు సిగ్గుపడుతున్నాను.

విచారణ నాటి ఉదయం ఆశీర్వాదం గారు నా గదిలోకి వచ్చి కూర్చున్నారు.

“మేడమ్, నేను రెండూ అనే అన్నానండి.”

“రిజిస్టరులో మీరే రెండో అని రాశారు కదా?”

“మనసులో ఉన్నది రాశానండి. నోట్లోంచి వచ్చింది వేరు. రాత్రి ప్రార్థనకి కూర్చుని, ప్రభువా, గంగరాజు నిజం ఒప్పుకునేలా చెయ్యి అందామనుకున్నా. మాట పెగల్లేదు. ఫోను చేసినప్పుడు ఆయన నా పక్కనే ఉన్నాడు కదండీ. విన్నవాడికి నేనేం చెబుతాను? అప్పుడు నా గొంతు నాకే వినిపించింది. ‘రెండూ ఎత్తెయ్ గంగరాజూ’ అని.”

“భయపడుతున్నారా?”

“భయం కాదండి. సిగ్గు.”

‘దైవభీతి’ అన్న మాటను నేను ఎందుకు కొట్టివేశానో పాఠకులు ఇప్పుడు గ్రహించి ఉంటారు. శిక్షించే దేవునికి భయపడే మనిషి ఆ రిజిస్టరును అడ్డం పెట్టుకుని బతికిపోవచ్చు. దేవుడు పక్కనే ఉన్నాడనుకునే మనిషికి ఆ వెసులుబాటు లేదు. వరండాలో ఒక సహోద్యోగి, “మీకేంటండీ, ఆదివారం చర్చికెళ్లి ఒప్పేసుకుంటే సోమవారానికి క్లియర్! ఇక్కడ చెప్పడం దేనికి?” అని హాస్యమాడితే, వారు, “క్లియరయ్యేది నాకండి. గంగరాజుకి కాదుగా,” అని విచారణ గదిలోకి వెళ్లారు.

గంగరాజు ఉద్యోగం నిలిచింది. ఆశీర్వాదం గారి సర్వీసు రిజిస్టరు నలభై ఒకటవ పుటలో అభిశంసన నమోదైంది. రావలసిన పదోన్నతి నాలుగేళ్లు ఆగింది. నిజం చెప్పినవారికి శిక్ష వేయడంలో ఏనాడూ ఆలస్యం చేయని మన వ్యవస్థ పట్ల ఆగ్రహంతో, అభిశంసన రద్దుకు అప్పీలు నేనే తయారుచేశాను. అందులో ఒక వాక్యం ఉంది: ‘ఆదేశమును లస్కరు మరల అడిగి నిర్ధారించుకొనకపోవుట కూడ ప్రమాదమునకు కారణము.’ చట్టరీత్యా అది తిరుగులేని వాక్యం. వారు రెండుసార్లు చదివారు.

“ఎంత బాగా రాశారండీ! చదువుతుంటే నాకే నమ్మబుద్ధేస్తోంది.”

“నమ్మితే సంతకం పెట్టండి.”

“అందుకేనండి పెట్టనిది.”

ఏడాదిపాటు వారిమీద నాకు కోపం పోలేదు. ఈలోగా వారు చేసిన పని వేరు. లాకు మీద పెయింటుతో రాసిన ఒకటి, రెండు, మూడు అంకెలను చెరిపించి, ఆ షట్టర్లకు తూర్పుది, నడిమిది, పడమరది అని పేర్లు పెట్టారు. ఆదేశం ఇచ్చినవారు విన్నవారిచేత దానిని తిరిగి చెప్పించుకోవాలన్న పద్ధతి తెచ్చారు. పశ్చాత్తాపమంటే కన్నీరు కాదు, పని తీరు మారడమని వారు ఉపన్యసించలేదు, చేసి చూపారు. ఆ లాకులో మరొకసారి అటువంటి పొరపాటు జరగలేదు. ఈనాటి కొత్త లస్కర్లు “నడిమిది ఎత్తుతున్నానండి” అని అలవాటుగా అంటారే కాని, ఆ మాట వెనుక ఒక మనిషి ఒప్పుకోలు ఉందని వారికెవరూ చెప్పలేదు. నలభై ఒకటవ పుటను దాచిపెట్టి వారిని సన్మానించడమంటే, వారు చేసిన అత్యుత్తమమైన పనిని దొంగిలించి చేతిలో శాలువా పెట్టడం. దానికి నేను సమ్మతించను. సంఘం ఆ భాగాన్ని తొలగించదలచుకుంటే, నా పేరుతో సహా మొత్తం వ్యాసాన్ని తొలగించవలసి ఉంటుంది.

2025 సెప్టెంబరు 30న విరమిస్తున్న ఆశీర్వాదం గారికి, ముప్పై తొమ్మిదేళ్లు వారి వేళలకు తన వేళలు సర్దుకున్న సతీమణి శాంతకుమారి గారికి నా అభినందనలు. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి గత వారం గంగరాజు మా ఇంటికి వచ్చాడు.

“సారుకి ఏం కావాలని రాస్తన్నారమ్మా?”

“ఆరోగ్యం, దీర్ఘాయువు.”

“నా దాంట్లోంచి ఓ పదేళ్లు వేసి రాయండి. ఈ పదహారేళ్ల డ్యూటీ ఆయన నిలబెట్టిందే కదా.”

అటువంటి బదలాయింపుకు వీలు కల్పించే నిబంధన ఏదీ నాకు తెలియదు. అయినప్పటికీ, అభ్యర్థనను యథాతథంగా ఇక్కడ నమోదు చేసి, పూర్తి సమ్మతితో సిఫారసు చేస్తున్నాను.

— పి. లక్ష్మీదుర్గ,
విశ్రాంత సూపరింటెండెంటు