మాబున్ని గెలిచిన వామనగుంటలు

సుంకులమ్మ ఉండె చూడు, ఆ కింది వీధిలో, ఆయమ్మను వామనగుంటల్లో ఓడించినోళ్లు ఊర్లోనే లేరంట. మీకు తెలీని ఆటేం కాదు. పొడుగు చెక్క, ఈపక్క ఒక వరస గుంటలు, ఆపక్క ఒక వరస, గుంటగుంటకీ చింతగింజలు. ఒక గుంటలోవి తీసి వరసగా పంచుకుంటా పోవల్ల, వట్టిగుంట తగిలితే దాని పక్కదాంట్లోవి నీవి. అంతే గదా. ఆయమ్మ మటుకు గింజలు చేతికి తీసుకోకముందే అవి యాడ పోయి ఆగుతాయో చెప్పేదంట. ఎదురింటి మాబున్ని, కుట్టుమిషను దస్తగిరి పెండ్లాము, రోజూ మాపటేల వచ్చి ఆయమ్మతో ఆడేది, రోజూ ఓడేది, నవ్వుకుంటా లేచి పోయి చెట్నీ నూరుకునేది. ఎన్నేండ్లనుకుంటారు? ఆ పిల్ల పెండ్లయి ఈ వీధికొచ్చినప్పట్నించీ అనుకో.

అట్లుంటే ఏమైందంటే, ఆ కరోనా వచ్చె. మాబున్నికి జరము తగిలె, పరీక్ష చేస్తే ఉండాదనిరి. ఇంగ చూడు, ఆ ఇంటి ముందర ముళ్లకంప అడ్డమేసిరి, ఎవురూ దాటగూడదనిరి. సుంకులమ్మకు షుగరు. నువ్వు అరుగు దిగొద్దవ్వా, తగిలితే తట్టుకోలేవు అని ఇంటింటికీ మందులిచ్చే ఆశా వర్కరమ్మ వచ్చి చెప్పిపోయె. ఆయమ్మ అరుగు మీద కూచోని ఎదురింటి కిటికీకల్లా చూసె, చూసె, ఇంగ ఉండబట్టలేక గొంతెత్తి పిలిచె. "మే మాబున్నీ, మీ ఇంట్లో చెక్క ఉండాది గదా. నువ్వాడ పెట్టుకో, నేనీడ పెట్టుకుంటా. ఏ గుంట తీస్తావో చెప్పు, నేనూ చెప్తా. ఇద్దరి చెక్కల్లోనూ ఒగటే ఆట" అనె. లోపల దగ్గు వినపడె. ఆ తర్వాత కిటికీలోనించి సన్నంగా, "సరే అక్కా, నాది మూడోది" అని వచ్చె.

అట్ల మొదలాయె. ఈయమ్మ తన చెక్కలో ఇద్దరి గింజలూ తానే పంచేది. ఒగోసారి మాబున్ని వట్టిగుంట చెప్పేది. "మే, దాంట్లో ఏముంది తీసేకి, బాగ చూడు" అంటే, "అవునక్కా, కండ్లు మసక. అయితే దాని పక్కది" అనేది. ఇంగ వింత వినండి. ఆ మసక కండ్ల మాబున్నే గెలిచె. మరుసటి దినమూ గెలిచె. ఆ మరుసటి దినమూ అంతే. జరములో పడుకున్న మనిషికి ఇంత ఆట యాణ్నించి వచ్చెరా స్వామీ, ఎవురన్నా చెప్పిస్తాండారా, దస్తగిరి ఏమన్నా పక్కన కూచున్నాడా అనుకునేది సుంకులమ్మ. అన్నం తింటా అదే, కసువు ఊడ్చుకుంటా అదే. అడిగితే చులకన గదా, అడగలే.

కడాకు ఒక దినము కంప తీసేసిరి. ఊర్లో జనము ఒగొరొగరే బయటికొచ్చిరి. టీ అంగడి కాడ బల్ల ఏసిరి, దాని మీద కూచునేకి బయపడి రోంచేపు అందరూ చుట్టూ నిలబడుకోనిరి. చెక్కభజనోళ్లు చెక్కలు తీసి తుడిస్తే ఒక జత పురుగు కొట్టింటే మళ్ల చేయించుకోనిరి. ఒగరి గడ్డాలు ఒగరు చూసుకుంటా, నువ్వేనా అప్పా అంటాండిరి. సుంకులమ్మ ఇవేవీ చూడలే. చెక్క చంకలో పెట్టుకునె, మూతికి కొంగు చుట్టుకునె, నేరుగా ఎదురింటికి పోయె. మాబున్ని సగమైపోయిండె పాపము. ఈయమ్మకు కండ్లల్లో నీళ్లు తిరిగె గానీ నోట్లో నించి వచ్చిన మాట, "కూచో, ఆడదాం" అనే.

ఆడిరి. మాబున్ని చిన్నపిల్లోళ్ల మాదిరి ఓడిపాయె. మళ్ల ఆడిరి, మళ్ల అంతే. సుంకులమ్మ గింజలు కింద పెట్టేసె. "నా మీద జాలిపడి ఓడిపోతాండావా? ఏదీ, నువ్వు ఆడిన ఆ చెక్క తే, చూస్తా" అనె. మాబున్ని అటకకల్లా చూసి తల దించుకునె. దస్తగిరి ఎక్కి, ఉల్లిగడ్డ మూటల కిందనించి చెక్క దించె. చూస్తే, గుంటల్లో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టిండాది. ఆ పొద్దుటి గూడు కాదప్పా, ఎండి రాయైపోయిన గూడు.

"అక్కా, నేను ఆడిందే లేదు" అనె మాబున్ని. "మంచం మీదినించి లేచే శక్తి లేకపాయె. నోటికొచ్చిన గుంట చెప్పేదాన్ని. ఒగ మాట చెప్తే రొప్పు వచ్చేది. అయినా పొద్దన్నించీ నువ్వు పిలుస్తావని కాసుకోనుండేదాన్ని."

"లేవలేకుండానని చెప్పకపోతివే?"

"చెప్పింటే నువ్వు కంప దాటుకోని వచ్చేదానివి. నీకు షుగరు."

సుంకులమ్మ ఆ ఎండిన గూడును గోటితో గీకె. మాబున్ని ఆడలేదు సరే, మరి నేనెట్ల ఓడితిని? చెక్క నాది, గింజలు నావి, చేతులు రెండూ నావే. ఆలోచన చేసె, చేసె. ఆయమ్మకు అప్పుడు తట్టె. గింజలు పంచేటప్పుడు తన చెవి ఎదురింటి కిటికీకాడ ఉండేది. గొంతు నిన్నటికంటే తగ్గెనా, దగ్గు పెరిగెనా అని. చెయ్యి ఏ గుంటలో పడుతుండెనో దేవునికెరుక. అది మాబున్నితో చెప్పలే. గింజలు మళ్ల గుంటల్లో పోసి, "నీదే మొదులు, తియ్" అనె.

ఇప్పుడు రోజూ ఆడతారు, రోజూ కొట్లాడతారు. ఆ కంప దినాల ఆటలు లెక్కకు రావు అంటాది సుంకులమ్మ. నీ చేత్తో నువ్వే గింజలు పంచి నన్ను గెలిపిస్తివి, ఎట్ల రావు అంటాది మాబున్ని. వీధిలో సగము మంది ఈపక్క, సగము మంది ఆపక్క. మీరేమంటారో నాకు తెలీదు, నన్నడిగితే మాబున్ని గెలిచినట్లే. ఈ మాట సుంకులమ్మ ఇంట్లో మాత్రము చెప్పాకండి, మాకు మజ్జిగ ఆ ఇంట్లోనించే వస్తాది.