పదకొండు గాట్ల తలుపు

హలో… ఆ, నేనే. శాలిబండ పాల మైసయ్యను. విచారణ ఆఫీసు శ్రీనాథ్ సారేనా?… నమస్తే సార్.

…లే సార్, రేపు మీరు రాకముందే ఒక ముచ్చట చెప్పాలె. జర గడబడైంది. పక్కింటి సులోచనమ్మ గల్లీ అంత చెప్పిందంట — "మైసయ్య ఇంటి కొట్టం తలుపు చూడనీకి ఢిల్లీ నుంచి పెద్ద సార్లు వస్తున్నరు, గాలిమోటర్ల ఎక్కిచ్చుకొని తీస్కపోతరు" అని.

…గట్లేం లేదని నాకెరుకే సార్. మా ఇంటామె రాజమణికి ఎరుక లేదు గదా! పెద్ద సార్లొస్తుంటే గిసొంటి పాత తలుపేంది, ఇజ్జత్ పోతదని…

రంగేపిచ్చింది సార్.

…ఆ, తలుపుకే. పచ్చ రంగు.

…గాట్లా? కనవడయి సార్. పెయింటర్ బబ్లూ మస్తు పనిమంతుడు. ఒక్కొక్క గాటుల లప్పం నింపి, గరుకు కాయితంతోని రుద్ది, అద్దం లెక్క జేసిండు. చెయ్యి వెడ్తే జారుతది.

…గోకినం సార్! గోకితే పదకొండు గావాల్సినయి ఇరవై మూడు ఎల్లినయి.

…బర్రెలు సార్. కొట్టం తలుపు గదా, కొమ్ములతోని గీకినయి సుత ఉన్నయి. ఏది బర్రెదో, ఏది మా అమ్మ వెట్టిందో…

…రిపోర్టుల ఏమని రాస్తరు?… "మృతులు పదకొండు నుంచి ఇరవై మూడు, బర్రెలతో కలిపి"? వద్దు సార్, మీ కాల్మొక్త! గట్ల రాయకుండ్రి. అమ్మ ఆ తలుపు చూసి రెండు దినాల సంది అన్నం ముడ్తలేదు.

…ఆ, కొడవలి గాట్లు. నలభై ఎనిమిదిల, పోలీసు యాక్షన్ అని మా ఊరికి పటాలం దిగినప్పటియి. అమ్మకప్పుడు పదేండ్లు. తెల్లారి పాల కుండ వట్టుకొని పోతే మేం పాలు పోసే వాడల ఒక్క తలుపు తీసినోళ్లు లేరు. బాయిల ఉన్నరు సార్, అందరు… చదువు రాదు గదా, ఇంటికొచ్చి గీ తలుపు మీద మనిషికొక్క గాటు వెట్టింది. పట్నమొచ్చిననాడు గిన్నెలన్న ఇడిచిపెట్టిండ్రు గానీ, తలుపును బండి మీదేసుకొని తెచ్చిండ్రు. ఎవలన్న అడుగుతరని.

…మీరే సార్. ఇన్నేండ్లకు అడిగింది మీరే.

…చచ్చినోళ్లు మాకేమైతరా? ఏం గారు. పాలు పోసే ఇండ్లు.

…చుట్టాలు గాకుంటే ఫిర్యాదు చెల్లదా? ఎట్ల సార్, చుట్టాలందరు గా బాయిలనే ఉండిరి గదా!

…పేర్లున్నయి. అమ్మ నోటికి చెప్తది. రాసుకోండ్రి… పావుసేరు ఖాసిం సాబు. అరసేరు బిస్మిల్లా బీ, నిండు నెలలు, నీళ్లాడే దినాలని అంతకుముందు వారమే పావు పెంచుకున్నది. రెండు పూటలు గాజుల మౌలానా, ఆయన బిడ్డ…

…సేర్లు రాయొద్దా? సేర్లు తీసేస్తే ఆమెకు పేర్లు యాదికి రావు సార్. రోజు పొద్దున పాలు పిండుకుంట గట్లనే అప్పజెప్తది.

…ఒక్క నోటి మాట చాలదా?… గాట్లు పోయినయి గనుక ఇంకో సాక్షి గావాల్నా? కండ్లార చూసినోళ్లా?… రేపటిలోపల్నా?

…లేకుంటే ఫైలు మూస్తరా?

ఉండుండ్రి సార్, ఒక్క నిమిషం. అమ్మా… ఓ అమ్మా! సారు ఇంకో సాక్షిని తెమ్మంటున్నడు. ఆ దినం చూసినోళ్లు ఇంకెవలన్న ఉన్నరా?… ఆ?… గట్లనే చెప్పాల్నా?… మంచిగుండదే…

…లే సార్, చెప్తున్న. ఆమె ఏమంటున్నదంటే —

"చంపినోన్ని పిలువు బిడ్డా. నేను లెక్క తప్పితే ఆడే చెప్తడు."