సాయిమా తెచ్చిన నీళ్ల సీసాలు

సభకు అధ్యక్షత వహించిన మన ప్రిన్సిపాల్ శైలేందర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్లూ ఒకే స్టాఫ్‌రూంలో నాతో టీ పంచుకున్న తోటి అధ్యాపకులకు, దుబ్బాక నుంచీ కుకునూరుపల్లి నుంచీ ఎండలో బస్సులు పట్టుకుని వచ్చిన నా పాత విద్యార్థులకు, గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డ ఈ ఏటి పిల్లలకు (లోపలికి రండమ్మా, ముందు వరుసలో కుర్చీలున్నాయి, ఇవాళ నేనేమీ ప్రశ్నలు అడగను), అందరికీ చింతమడక బాలమణి నమస్కారాలు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లు నేను మైక్రోబయాలజీ బాగా చెప్పానన్నారు, ల్యాబును ఇల్లులా చూసుకున్నానన్నారు. ఒకాయన నాకు కోపమే రాదని కూడా అన్నారు. ఆయన నా క్లాసులో ఎన్నడూ కూర్చోలేదు కాబట్టి ఆ మాటను వదిలేస్తున్నాను. (నవ్వులు) ఇంత మర్యాద చేశాక నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోవడమే పద్ధతి. కానీ రేపటి నుంచి ఈ మైకు నా చేతికి రాదు. అందుకని ఒక సంగతి చెప్పి దిగుతాను. అది ఈ హాల్లో కొందరికి తెలుసు. వాళ్లకు వినడం కష్టంగా ఉండవచ్చు. చెప్పడం నాకూ సులువుగా లేదు.

మూడేళ్ల కిందటి వానాకాలం. రాష్ట్రస్థాయి విద్యార్థి పరిశోధన పోటీకి మన కళాశాల నుంచి ఒక ప్రాజెక్టు పంపాలి. సాయిమా అనే అమ్మాయి (అదిగో, మూడో వరుసలో తల దించుకుంది, ఎత్తమ్మా) తన పేటలో జనం తాగే నీళ్లను పరీక్షిస్తానని ముందుకు వచ్చింది. ఆ పేటలో చాలా ఇళ్లకు నీళ్లు శుద్ధి చేసి అమ్మే ప్లాంట్ల నుంచి ఆటోల్లో నీళ్ల డబ్బాలు వస్తాయి. పరీక్ష కష్టమైనది కాదు. చిన్న గాజుసీసాలో మందు ఉంటుంది, అందులో నీళ్లు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు పక్కన పెడితే, నీళ్లలో మురుగు నుంచి వచ్చే క్రిములుంటే సీసా నల్లబడుతుంది, లేకపోతే రంగు మారదు. కష్టమంతా నీళ్లు పట్టడంలోనే ఉంది. సీసా మూతికి వేలు తగిలినా, కుళాయిని స్పిరిట్‌తో తుడవకపోయినా, నల్లబడ్డది నీళ్ల వల్లనో మన చేతి వల్లనో ఎవరూ చెప్పలేరు.

ఒక పొద్దున సాయిమా ల్యాబుకు వచ్చి సంచిలోంచి సీసాలు తీసి నా బల్ల మీద వరసగా పెట్టింది. సగానికి పైగా నల్లగా ఉన్నాయి.

"మేడం, గివి మా మామూ ప్లాంటు నీళ్లు" అంది.

మామూ అంటే ఆమె మేనమామ ఇర్షాద్ గారు. సాయిమా వాళ్లుండేది ఆయన ఇంటి పై వాటాలోనే. ఆడపిల్లకు సైన్సు ఎందుకని ఇంట్లో అందరూ అంటే, వాళ్లతో కొట్లాడి ఈ అమ్మాయిని స్కూటర్ మీద తెచ్చి మన కళాశాలలో చేర్పించింది ఆయనే. ఈ సంగతి ఇక్కడ చెప్పవచ్చా అని మొన్న ఆయన్ను అడిగాను. "చెప్పున్రి మేడం, గని ఉన్నదున్నట్టు చెప్పున్రి" అన్నారు. అట్లాగే చెప్తున్నాను.

నేను సాయిమాను అడిగిన మొదటి మాట, "ఏడ పట్టినవ్?"

"ఇండ్లల్ల. డబ్బాలకెల్లి."

"ప్లాంటుకు పోయినవా?"

"పోలే మేడం. భయమైంది."

"మరి ప్లాంటు నీళ్లు ఖరాబని నీకెట్ల తెలిసింది? ఇంట్ల గ్లాసు ముంచి ఉండొచ్చు. డబ్బా మూత తీసి పెట్టి ఉండొచ్చు. నీ చెయ్యి తగిలి ఉండొచ్చు."

ఆ మాటతో ఆమె ముఖంలో కొంచెం ఆశ కనపడింది. మామ తప్పు లేదని తేలుతుందేమోనన్న ఆశ. నేను ఆ ఆశను పెంచలేదు, తుంచలేదు. మళ్లీ పట్టాలి, ఈసారి ప్లాంటు దగ్గరి నుంచి మొదలుపెట్టి పట్టాలి అని మాత్రం చెప్పాను.

మేము మళ్లీ పట్టేలోపే ఆ నల్ల సీసాల ఫోటో ఇర్షాద్ గారి ప్లాంటు పేరుతో ఫోన్లలో ఊరంతా తిరిగింది. ల్యాబులోంచి ఎవరు పంపారో నేను అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగను. ఆ వారంలోనే పేటలో నలుగురైదుగురు పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఫోటోకూ జబ్బుకూ ముడిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యాహ్నానికి ఇర్షాద్ గారి ప్లాంటు ముందు జనం మూగారు. ఆయన ఆటో అద్దం పగిలింది.

అప్పుడు నా ఫోను మోగడం మొదలైంది. పేటలో నాయకుడిగా తిరిగే ఒకతను, ప్లాంటు నీళ్లు విషమని కాలేజీ కాగితం మీద సంతకం చేసి సాయంత్రంలోగా ఇవ్వమన్నాడు. ఇయ్యను, పని పూర్తి కాలేదన్నాను. "మీ స్టూడెంట్ మామ అని దాస్తున్నరా మేడం?" అన్నాడు. ఆ ఫోను పెట్టేశానో లేదో మన ప్రిన్సిపాల్ గారి నుంచి ఇంకో ఫోను.

శైలేందర్ గారూ, మీరు ఇప్పుడు నా వైపు చూడటం లేదు. పరవాలేదు. (నవ్వులు) మీ భయం అప్పుడే నాకు అర్థమైంది. కళాశాల గేటు ముందు కూడా జనం వస్తారని మీ దిగులు. "ఆ పేట లెక్కలు తీసేయండి మేడం, వేరే పేటవి పెట్టి పోటీకి పంపేద్దాం, గొడవ ఉండదు" అన్నారు. తీసేయనన్నాను. "అయితే ఇకముందు ఏం జరిగినా మీదే బాధ్యత" అన్నారు. మీరు చాలా మెల్లగా, మర్యాదగానే అన్నారు. ఆ మాట నాకు తగిలింది. ఇన్నేళ్లు పనిచేసిన చోట ఆ రోజు నేనూ ఆ అమ్మాయీ ఇద్దరమే మిగిలాం. ఇవాళ మీరు కప్పిన శాలువా వెచ్చగానే ఉంది సర్, ఆ బాధ మాత్రం పూర్తిగా పోలేదు. పోయిందని చెబితే అబద్ధమవుతుంది.

అన్నిటికన్నా కష్టమైంది సాయంత్రం వచ్చింది. లక్ష్మమ్మ అనే ఆమె దవాఖాన నుంచి తిన్నగా ల్యాబుకు వచ్చింది. ఆమె కొడుకు శ్రావణ్‌కు గ్లూకోజు ఎక్కుతోంది. చీర కొంగుకు ఇంకా దవాఖాన వాసన ఉంది.

"మీ దగ్గరున్నది మాకు చెప్పరా అమ్మా? నా కొడుకు లేవలేకుండ పడి ఉన్నడు. మీరు ఇంకా పరీక్షలు చేస్తమంటున్నరట. అందాక మా పిల్లలు గవే నీళ్లు తాగాల్నా?"

ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ నన్ను అట్లాంటి ప్రశ్న అడగలేదు. చదువుకున్న మనిషిగా నా దగ్గర జవాబు ఉండాలి. కానీ ఆ జవాబు నా పక్కన నిలబడ్డ సాయిమా చెప్పింది.

"అత్తా, ఎవరి వల్ల ఖరాబైనయో నాకింకా తెల్వది. గని నీళ్లు మంచిగ లేవేమో అని అనుమానమైతే ఉన్నది. గది మీ అందరికి గిప్పుడే చెప్తం. మరగబెట్టకుండ ఒక్క చుక్క తాగనియ్యకున్రి. ఏ ప్లాంటువైనా సరే."

ఆ సాయంత్రమే మేమిద్దరం పేటలో ఇంటింటికీ తిరిగాం. జాగ్రత్త చెప్పడానికి అనుమానం చాలు, ఒక మనిషి మీద తప్పు మోపడానికి చాలదు. ఇది నేను ఏ పుస్తకంలోంచీ చెప్పలేదు, ఇరవై ఏళ్ల పిల్ల నా కళ్ల ముందు చేసి చూపించింది. కొన్ని ఇళ్లలో మా మాట విన్నారు. కొన్ని ఇళ్లలో తలుపు వేసేశారు. ఒకామె సాయిమా ముఖం మీదనే "మీ మామను కాపాడుకోనీకి వచ్చినవా" అంది. ఆ పిల్ల పోయి పక్కింటి తలుపు కొట్టింది.

మర్నాడు పొద్దున్నే ప్లాంటుకు వెళ్లాం. లక్ష్మమ్మను కూడా రమ్మన్నాను, తన కళ్లతో చూడాలని. ఇర్షాద్ గారు సగం దించిన షట్టర్‌కు అడ్డంగా నిలబడ్డారు. రాత్రి నిద్ర లేనట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు నా ఇంటి బిడ్డవా, వాళ్ల బిడ్డవా?" అని అడిగారు మేనకోడలిని.

సాయిమా సీసా ఆయన ముందుకు చాపింది.

"మామూ, నేను ముట్ట. నీ చెయ్యితోనే పట్టు. ఎట్ల పట్టాల్నో నేను చెప్త."

చాలాసేపు ఆయన ఆ సీసా అందుకోలేదు. చివరికి షట్టర్ పైకెత్తి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆమె చెప్పినట్టే కుళాయిని స్పిరిట్‌తో తుడిచి, నీళ్లు కాసేపు పారనిచ్చి, మూతికి వేలు తగలకుండా పట్టారు. నీళ్లు శుద్ధి చేసే మిషన్ కుళాయి నుంచి కొన్ని సీసాలు. దుకాణం నుంచి తెప్పించిన కొత్త డబ్బాలో అవే నీళ్లు నింపి దానిలోంచి కొన్ని. రోజూ ఇళ్లకు పోయి వచ్చే పాత డబ్బాల్లోంచి కొన్ని. మా చేతుల మీద మాకే నమ్మకం ఉండకూడదు కాబట్టి, ల్యాబులో శుద్ధి చేసిన నీళ్లను అక్కడే మూత తీసి పోసిన సీసాలు కొన్ని. అవి నల్లబడితే తప్పు మాది. వెనక పాత డబ్బాలు ముంచి కడిగే డ్రమ్ము ఒకటి ఉంది. అందులోవి కూడా పట్టమని సాయిమాయే అంది. అది నా ఆలోచన కాదు.

తరువాత వేచి చూడటం. ల్యాబు బయట వరండాలో ఒక బెంచీ ఉంది కదా, ఆ బెంచీ ఒక చివర ఇర్షాద్ గారు, ఇంకో చివర లక్ష్మమ్మ వచ్చి కూర్చునేవారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కిటికీలోంచి సీసాల వైపు చూసి వెళ్లిపోయేవారు. సాయిమా అన్నం తినడం మానేసింది. ఏ సీసా నల్లబడినా, నల్లబడకపోయినా ఆమెకు ఎవరో ఒకరు దూరమవుతారు. ఆ రెండు రోజులు ఆమె ముఖం చూడలేక నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించాను.

మిషన్ నీళ్లు రంగు మారలేదు. కొత్త డబ్బావీ మారలేదు. మా చేతుల పరీక్షకు పెట్టినవీ మారలేదు. పాత డబ్బాలవి నల్లబడ్డాయి. డ్రమ్ము నీళ్లు తారులా అయ్యాయి.

"మిషన్ మంచిగనే ఉన్నది కద" అన్నారు ఇర్షాద్ గారు.

"మిషన్ మంచిగనే ఉన్నది మామూ. పిల్లలు తాగింది డబ్బాలది."

లక్ష్మమ్మ అప్పుడు మొదటిసారి ఆయన వైపు తిరిగి అడిగింది. "డ్రమ్ముల నీళ్లు ఎన్ని దినాలకు మారుస్తవ్ అన్నా?"

ఆయన లేచి వెళ్లి ప్లాంటు మూసేశారు. ఎవరూ మూయమనలేదు.

పిల్లల జబ్బుకు ఆ నీళ్లే కారణమని మేము ప్రాజెక్టులో రాయలేదు. మా పరీక్ష ఆ మాట చెప్పలేదు. నీళ్లు చెడిపోతున్నది డబ్బాలు కడిగే చోట అని మాత్రం రాశాం. సంతకం అడిగిన నాయకుడికి ఆ వాక్యం నచ్చలేదు. పోటీలో జడ్జీలకూ నచ్చలేదు, ఒక్క పేటతో ఏం తేలుతుందన్నారు. బహుమతి రాలేదు. శ్రావణ్ మాత్రం ఇంటికి వచ్చి బడికి వెళ్లాడు. ఇర్షాద్ గారు నెల దాటాక, డ్రమ్ము తీసేసి, పారే నీళ్లతో డబ్బాలు కడిగే ఏర్పాటు చేసుకుని ప్లాంటు తెరిచారు. సాయిమాతో మాత్రం మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఆమె మెట్లు దిగే చప్పుడు వింటే ఆయన లోపలికి వెళ్లిపోయేవారు. ఆమె ఒకసారి నన్ను అడిగింది, "మేడం, నేను మంచిగ పట్టకపోయుంటే బాగుండేదా?" అని.

చలికాలం వచ్చింది. ఒక రోజు ల్యాబు తలుపు దగ్గర ఇర్షాద్ గారు నిలబడి ఉన్నారు. చేతిలో శుభ్రమైన గుడ్డలో చుట్టిన సీసా ఉంది. కుళాయి తుడిచి, మూతికి చెయ్యి తగలకుండా తానే పట్టి తెచ్చానని చెప్పారు. ఇవ్వండి, చూస్తానని నేను చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"మా బేటీకి ఇస్త మేడం. గది చూసి చెప్తెనే నేను నమ్ముత."

సాయిమా లోపలే ఉంది. విన్నది. బయటికి వచ్చి రెండు చేతులా ఆ సీసా అందుకుంది. (విరామం)

క్షమించాలి, కాసిని నీళ్లు తాగుతాను.

ఆమె ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తోంది. ఇంతకన్నా నేను చెప్పుకోదగ్గది నా ఉద్యోగంలో ఏదీ లేదు. శైలేందర్ గారూ, మీ మీద నాకున్న గౌరవంతోనే ఒక మాట అడిగి దిగుతాను. రేపు ఇంకో పిల్ల ఇట్లాగే భయపడుతూ మీ గదికి వస్తుంది. ఆమె తెచ్చింది ఎవరికి నష్టమో ఆలోచించే ముందు, ఎట్లా పట్టిందో అడగండి. మంచిగా పట్టి ఉంటే దయచేసి ఆమె పక్కన నిలబడండి.

ఇంత ఓపికగా విన్న మీ అందరికీ, నన్ను భరించిన ల్యాబు సిబ్బందికి, ఇవాళ్టి వంట చేసిన అమ్మలకు నా ధన్యవాదాలు. నా వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, వెళ్లే ముందు నా దగ్గరికి వచ్చి చెప్పండి, వింటాను. ఇక నాకు సెలవు ఇప్పించండి.