ఆముదం రాసిన బ్రేకులు

హలో… ఆ, నేనే, శివలీలను. ఎన్నిసార్లు చేయాలప్పా నీకు! యాడుండావు?… శిఖరం కాడనా? ఇంకా దిగలేదు కదా?… హమ్మయ్య. దిగొద్దు. సైకిలు ఎక్కొద్దు.

…ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు. నా మాట ఇనకపోతే నీకే అవుతాది.

…చెప్తాండా, ఆగు! నిన్న ఆయుధ పూజకు మీయమ్మ ఇంట్లో ఉండే ఇనుమంతా కడిగి ఆముదం రాసినాది కదా. గడ్డపార, కొడవలి, కత్తిపీట… ఆ, సైకిళ్లకూ రాసినాది.

…చెయినుకు కాదు! చెయినుకైతే నేనెందుకు అరుస్తా? చక్రం నడుమ ఉండే బ్రేకు డిస్కుకు. తుప్పు పడతాదని రెండు పక్కలా బాగా రుద్దినాదంట. ఇప్పుడు నా సైకిలు బయటికి తీస్తే నిగనిగ మెరుస్తాండాది. బ్రేకు పట్టినా నిలబడలేదు.

…ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముండాది? ఘాటు మొదలు దాకా జీపులో ఏసుకోని పోతిరి. ఆన్నుంచి రొప్పుకుంటా తొక్కుడే కదా.

…ఏమంటివి? నిన్న మొన్నటి మెకానిక్కునా నేను? అవును. అంగట్లో కూర్చోని, చేతులకు మసి పూసుకోని నేర్చుకున్నా. నీ మాదిరి ఫోన్లో వీడియోలు చూసి కాదు. ఎగతాళి ఇంటికొచ్చి చేద్దువులే. ఇప్పుడు రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకోని సైకిల్ని ముందుకు నూకు. నూకప్పా!

…ఏమైనాది?

…పోతాండాది కదా! చూస్తివా!

…తుడిస్తే పోదు. ప్యాడ్లు నూనె పీల్చుకోని ఉంటాయి, కొత్తవి ఎయ్యాల్సిందే. నడిపించుకోని దిగు. నవ్వేవాళ్లు నవ్వనీ. రామాంజిని కూడా దిగమను, వాని సైకిలుకు కూడా—

…ఏమంటివి? నీ తమ్ముడు ఆడ లేడా?

…దిగినాడా? ఎప్పుడు?… ఇప్పుడేనా? అయ్యో దేవుడా! కేకెయ్యి! మట్టిలోకి తిప్పమను! పో, పరిగెత్తు! ఫోను పెట్టేయొద్దు!

…ఏం లేదత్తా. నువ్వు లోపలికి పో… పో అంటాండా కదా!

…హలో? హలో?… గాలి తప్ప ఏం ఇనపడ్తాలేదు… రామాంజీ… రామాంజీ…

…ఆ! చెప్పు!… మలుపు కాడనా?… గోడకా, లోయలోకా, సరిగ్గా చెప్పు!… గోడకు. గోడకే కదా? లేసినాడా?… తల?… హెల్మెట్టు పగిల్తే పగలనీ. మాట్లాడతాండాడా?… ఆ చెయ్యి కదిలించొద్దు. జీపాయన్ను పిలువు. నీళ్లు తాపు.

…నేనేం ఏడుస్తాలేను. నువ్వు ముందు ఏడుపు ఆపు.

…మీయమ్మనా? యాడికీ పోలేదు. గడప కాడ కూలబడి అంతా ఇన్నాది. నా బిడ్డను నేనే పొట్టన పెట్టుకుంటినని చేతులు నేలకేసి కొట్టుకుంటాండాది. బతికినాడని ఎంత చెప్పినా నమ్ముతాలేదు.

…నూనె సంగతి తర్వాత నేను నిదానంగా చెప్పుకుంటా. ఇప్పుడు నువ్వు ఒక్క మాట అనొద్దు ఆయమ్మను. ఒక్క మాట కూడా.

…నువ్వు చెప్పినా నమ్మదు. వానికియ్యి ఫోను.

…రామాంజీ… ఊ, వదినను. శానా నొప్పిగా ఉండాదా నాయనా?… ఓర్చుకో. మీయమ్మతో మాట్లాడు… ఏదో ఒకటి. ఆకలేస్తాందని చెప్పు, చాలు.

అత్తా, ఇంద. పట్టుకో.